పిలిచినవారి పేరు లేని పత్రిక

మొన్న పక్కింటివాళ్లు పెండ్లి పత్రిక చేతిలో పెట్టి వెళ్లారు. అంచులకు పూసిన పసుపు ఇంకా తడిగానే ఉంది. ఆ పసుపూ అచ్చు సిరా కలిసిన వాసన ముక్కుకు తగలగానే మా సుగుణ టీచరమ్మ యాదికొచ్చింది. ఆమె పోయి నాలుగేండ్లు. "కిందికెందుకు చూస్తవ్ రాజన్నా, మొదటి నుంచి చదువు" అని చెవి పక్కనే కసిరినట్టయింది.

మందమర్రిలో బొగ్గు బాయి పని చేసి రిటైరయ్యేదాకా నాకు అక్షరం రాదు. రిటైరయ్యాక ఆమె వరండాలో పలక పట్టాను. మిషన్ బడిలో జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి. ముసలోడు కదా అని జాలి చూపించే రకం కాదు. 'ఞ' రాయమంటే నేను జిలేబి చుట్టాను. "రాస్తున్నవా, వండుతున్నవా?" అంది. ఇంటికొచ్చిన పెండ్లి పత్రికలే నాకు వాచకాలు. కింద ఆహ్వానించినవారి పేరు చదివితే గానీ నేను పైకి పోయేవాణ్ని కాదు. ఎవరు పిలిచారో తెలియకుండా ఎట్లా పోతాం? మనకు మాటల్లేని ఇండ్లు ఎన్ని లేవు!

ఏడాది తిరిగాక, ఆదివారం చర్చిలో వాక్యం చదివే పని నాకు ఇప్పించాలని పట్టుబట్టింది. సంఘ పెద్ద దానయ్య మూతి తిప్పాడు.

"బాయిల గడ్డపార పట్టినోడు మైకు పట్టుకుంటడా? ఒక్కసారి ఆగిపోయిండంటే మల్ల పిలిచేది లేదు."

"ఆగడు" అంది టీచరమ్మ. మాట ఆమె ఇచ్చింది, చెమటలు నాకు పట్టాయి.

చదవాల్సింది బైబిల్లో హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో (అక్కడ పత్రికంటే ఉత్తరం) మెల్కీసెదెకు అనే పాతకాలపు రాజు ముచ్చట ఉన్న అధ్యాయం. పెద్దక్షరాలతో కాగితం మీద రాసి వారమంతా చదివించింది. తీరా చర్చిలో నా ముందు పెట్టింది పెద్ద బైబిలు. అలవాటు కొద్దీ ముందు పిలిచినవారి పేరు వెతికాను. అపొస్తలుడు పౌలు రాసిన పత్రికలైతే మొదటి మాటే ఆయన పేరు. ఇక్కడ మొదట్లో లేదు, చివరికి తిప్పితే అక్కడా లేదు. ఆగిపోయాను.

"చదువు రాజయ్యా" అన్నాడు దానయ్య.

"ఎట్ల చదువాలె? పత్రిక మీద పిలిచినోని పేరే పడలే. ప్రెస్సోడు మరిచినట్టున్నడు" అన్నాను, మైకులోనే.

చర్చి గొల్లుమంది. దానయ్య లేచి నిలబడ్డాడు. "పౌలు రాసిండయ్యా! చిన్న పోరగాండ్లకు తెలుసు!"

"అన్నిట్ల పేరు పెట్టుకున్నాయన గీ ఒక్కదాంట్ల ఎందుకు సిగ్గుపడ్డడు?"

వెనక నుంచి ఎవరో, పౌలు తోటివాడు బర్నబా రాశాడన్నారు. ఇంకెవరో అపొల్లో అన్నారు. ఆడవాళ్ల వరుసలోంచి ఒక అవ్వ, "ఆడిమనిషి రాసుంటది. అందుకే పేరు ఎగ్గొట్టిండ్రు" అంది. మగవాళ్ల వరుసలో దగ్గులు మొదలయ్యాయి.

దానయ్య టీచరమ్మ వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు. పౌలని ఒప్పుకుంటే చదువనియ్యి. లేదంటే దిగుమను."

ఒక్క ముక్క అంటే చాలు, ఆమె మాటా దక్కేది, నా మైకూ దక్కేది. టీచరమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"నాకు తెల్వది" అంది. "ఎనుకట మస్తు చదివినోళ్లే తేల్చలే."

బస్సు బోర్డు ముందైనా, దవాఖాన చీటీ ముందైనా నేను జీవితమంతా చెప్పింది ఒకటే: "కండ్లద్దాలు ఇంట్ల మరిచిన." నాకు అసలు కండ్లద్దాలే లేవు. అంత చదివినామె నిండు చర్చిలో తెల్వదంటే పైకప్పు కూలుతుందనుకున్నాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

"రాసినోడు తెల్వకుంటేంది రాజన్నా, నీ చేతికైతే అందింది గదా? చదువు. జర గట్టిగ."

చదివాను. మెల్కీసెదెకును ముక్కలు చేసి మళ్లీ అతికించాను గానీ, ఇంక ఆగలేదు. బయటికొచ్చాక దానయ్య నా భుజం తట్టి, "వచ్చే వారం జల్ది రా. గని రాసింది పౌలే" అన్నాడు.

టీచరమ్మ నేర్పిన అక్షరాల్లో కొన్నిటి దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఆమె పలకమీద రాయకుండా నేర్పిన ఆ ఒక్క మాట మాత్రం తడబడకుండా అంటాను. మొన్న చర్చిలో కొత్త పాస్టరుగారు వాక్యంలో ఏదో అడిగితే, "నాకు తెల్వది, మా దానన్నను అడుగుండ్రి" అన్నాను. దానయ్య పైకప్పు వైపు చూశాడు. తర్వాత మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, నా చెవిలో అన్నాడు:

"నాకు గుడ తెల్వది. ఎట్ల చెప్పాలె?"