మైకు టెస్టింగ్ అనుకున్న పాట

కడప నుంచి కర్నూలు పోయే బస్సులో, మైదుకూరు దగ్గర ఎక్కి నా పక్కన కూర్చున్న ఆ ముప్పై ఏళ్ళ మనిషి పేరు నేను అడగలేదు. సెల్‌ఫోన్లు మా ఊళ్ళకు కొత్తగా వస్తున్న కాలమది. అతని చేతిలో వాక్‌మన్ ఉంది. తానే కట్టి పాడిన పాట అందులో ఉందన్నాడు.

“న్యూ వేవ్ రాక్ అంటారు పెద్దాయనా, ఇంగ్లీషోళ్ళ పాటల తీరు. మొన్న తిరునాళ్ళలో పాడినా.”

“జనం ఏమన్నారప్పా?”

“ఏమీ అన్లా. పాటంతా అయినాక కమిటీ పెద్ద వచ్చి, ‘మైకు టెస్టింగ్ శానాసేపు చేసినావులే, ఇంగ సినిమా పాట ఎత్తుకో’ అన్న్యాడు.”

చెప్పి తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇయర్‌ఫోన్ అడిగి తీసుకుని చెవిలో పెట్టుకున్నాను. బోరు బండి నేలను తొలుస్తున్నట్టు ఒకటే దరువు, దాని మీద గిటారు గీరుడు. ఏడుపూ కోపమూ లేని గొంతొకటి ‘నీళ్ళు పడలా, ఇంకో బోరు’ అని చెప్పుకుంటూ పోయింది. బడికి పోకుండా చదువు నేర్చుకున్నవాణ్ణి, సంగీతం నాకేం తెలుసు? అయినా ఎండిన బోర్ల నడుమ బతికే జనానికి ఈ పాట చెవికెక్కలేదంటే ఒళ్ళు మండింది. తెలిసిన పాటకు తప్ప చప్పట్లు కొట్టని చేతులవి!

“ఇది పాటేనప్పా! ఇంకోటి కట్టు,” అన్నాను గట్టిగా.

అతను ఇయర్‌ఫోన్ వైరు మెల్లగా చుట్టుకున్నాడు.

“మైదుకూరులో ఆర్కెస్ట్రావాళ్ళకు నా గిటారు ఇచ్చేసి వస్తాండా పెద్దాయనా. సినిమా పాటలకు బాగా పనికొస్తాదంట.”