నా పాస్‌పోర్టు నా దగ్గరే

ఈ రోజు మధ్యాహ్నం బార్సిలోనా నుంచి దోహాకు తిరిగి వచ్చాం. సారుకు అక్కడ కంపెనీ ట్రైనింగ్. ఆయన, అమ్మగారు, పిల్లలు కంపెనీ ఇచ్చిన పెద్ద హోటల్లో ఉన్నారు. పిల్లల్ని చూసుకునే నన్ను మాత్రం వెనక వీధిలోని చవక హోటల్లో పెట్టారు. గది ఇరుకు, బాత్రూమ్ వరండా చివర, కదిలితే మంచం కిర్రుమనేది. అయినా నాకు ఆ హోటల్ నచ్చింది.

కారణం కౌంటర్ దగ్గర కూర్చునే పెద్దావిడ. దిగిన రోజు ఆవిడ నా పాస్‌పోర్టు చూసి వివరాలు రాసుకుంది. తిరిగి తీసుకోవడానికి అమ్మగారు చేయి చాపారు. ఆవిడ ఫొటో చూసి, నా ముఖం చూసి, పాస్‌పోర్టును నా చేతిలోనే పెట్టింది. ఖతార్‌లో పనికి చేరిన రోజు అమ్మగారికి ఇచ్చాక, దాన్ని మళ్లీ పట్టుకోవడం అదే మొదటిసారి. అక్కడున్నన్నాళ్లూ దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఇందాక దోహాలో అబూ హమూర్ అనే పేటలోని ఇంటికి చేరగానే అమ్మగారు అడిగారు.

“పద్మా, ఆ పాస్‌పోర్టు ఇలా ఇవ్వు. బీరువాలో పెడతాను.”

“నా కాడే ఉండనీమ్మా.”

“నీ దగ్గరుంటే ఎక్కడో పారేసుకుంటావు.”

“అంత పెద్ద ఊర్లో మీ పిల్లోళ్లనే పారేసుకోకుండా తెచ్చినా గదమ్మా. దీన్నెందుకు పారేసుకుంటా?”

తన పాత టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెడుతున్న సారు నవ్వు ఆపుకోలేకపోయారు. అమ్మగారు నవ్వలేదు, లోపలికి వెళ్లిపోయారు. నేను పాస్‌పోర్టును వదల్లేదు.

రేపు మళ్లీ అడుగుతారని తెలుసు. నేనూ మళ్లీ ఇవ్వనంటాను. గల్ఫ్‌లో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లూ, మీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో చెప్పండి.