కూడికలో నా వంతు

మా ఊరు త్రిపురాంతకం దగ్గర. మా చర్చివాళ్లలో ఎవరికి మంచి జరిగినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాలి. బర్రె ఈనినా, ఆపరేషన్ బాగా జరిగినా మొదలుపెట్టే మాట ఒకటే: "ఏ యోగ్యతా లేని నన్ను..."

నిరుడు నాకు టీచరుద్యోగం వస్తే, మిరప కోతలకు వెళ్లే మా అమ్మ ఆ రోజు కూలి మానుకుని కూడిక పెట్టించింది. పరీక్ష రెండుసార్లు తప్పి, మార్కాపురం హాస్టల్లో ఉడికీ ఉడకని అన్నం తిని తెచ్చుకున్న ఉద్యోగం అది. యోగ్యత లేకపోవడమేమిటి? అమ్మ నోట ఒక్కసారి "బాగా చదివినావు" అనిపించుకోవాలని నా ఆశ. ఎవరు నన్ను మెచ్చుకున్నా ఆమె మాత్రం "ఏదో, దేవుడు కనికరించినాడు" అనేది. మధ్యలో నేనెక్కడా ఉండేదాన్ని కాదు.

షామియానా కింద నా వంతు వచ్చింది. "నేను కష్టపడి చదివినాను. ఉద్యోగం వచ్చింది. అందరికీ వందనాలు," అని కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక నుంచి ఒక అక్క "సొంత డబ్బా బాగానే కొట్టుకునింది" అంది. పాస్టరయ్యగారు "దేవునికే మహిమ" అని నా మాటకు అతుకు వేసి ప్రార్థన ముగించారు. గెలిచినట్టుంటుందనుకున్నాను. నాకేమీ అనిపించలేదు. పన్ను పీకేముందు సూది వేసిన చిగురులాగా ఉంది లోపల.

అందరూ తిని వెళ్లాక గిన్నెలు తోముతున్న అమ్మ దగ్గర కూర్చున్నాను. కోపంగా ఉందేమో అనుకున్నాను. కూర అందరికీ చాలిందని మురిసిపోతోంది.

"అమ్మా, నా గురించి నువ్వేమనుకుంటావు?"

"ఏందే ఆ అడగడం?"

"ఉద్యోగం తెచ్చుకున్నా గదా. ఏమనుకుంటాండావు?"

తోమడం ఆపి నిజంగానే ఆలోచించింది.

"నా గురించే నేనెప్పుడూ ఏం అనుకోలా పాపా. నీ గురించి ఎట్ల అనుకోవాల్నో నాకు తెల్దు. నువ్వుండావు, మీ నాయనుండాడు, ఇంటికొచ్చినోళ్లు కడుపునిండా తిన్నారు. నాకేం తక్కువ?"

మాటవరసకు అనలేదు. ఆమెకు నిజంగానే ఏమీ తక్కువ లేదు.

ఆ మెప్పు నాకివ్వకుండా దాచుకుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆమె దగ్గర అది లేనే లేదు. తన కోసం కూడా లేదు.