రెండో కాగితం మీది గీతలు

నా పెన్సిల్ మీద ఒట్టు... గిది కథ గాదు. నవ్వేటోళ్ళు ముందే నవ్వుకోండ్రి, నడుమల నవ్వితే లేచి పోత. దయ్యాలంటె నాకు నమ్మకం లేదు. ఖైరతాబాద్‌ల ఆర్టీవో ఆఫీస్ బయట పదేండ్లు బండ్ల ఇంజిన్ల మీద కొట్టిన నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దినోన్ని. కండ్లు మోసం చేస్తయ్ గని పెన్సిల్ చెయ్యదు... అనుకునేటోన్ని.

పోయిన వానకాలం. పంజాగుట్ట గల్లీల మార్తమ్మ ఇల్లు. ఆమె పెనిమిటి పోయి ఆర్నెల్లు. షెడ్ల ఆయన పాత స్పోర్ట్స్ కారు, రెండే సీట్లది, ఇటుకల మీద నిలవెట్టి ఏండ్లాయె. పొద్దున కొనేటోళ్ళు వస్తరు, ఇంజిన్ కారుతోని వచ్చిన అసలుదేనా చూసి రాసియ్యమని నన్ను పిలిచింది. ఆమె ఫికర్ పైసలది గాదు. అసలు ఇంజిన్ మా అన్న ఎప్పుడో అమ్ముకొని వేరేది పెట్టిండు, నీకు అబద్ధం చెప్పిండని మరిది అందరి ముంగట అన్నడంట. నలభై ఏండ్ల కాపురంల ఆయన నాకు అబద్ధం ఆడలే అన్నది మార్తమ్మ. అన్నది గని... గొంతుల జర అనుమానం ఉండె.

అమీర్‌పేట మెట్రో కింద ట్రాఫిక్‌ల ఇరుక్కొని నేను పోయేసరికి రాత్రి ఎనిమిదిన్నర. వాన. కరెంట్ లేదు. టార్చ్ పట్టుకొని షెడ్లకు ఒక్కన్నే పోయిన.

కంపెనీల ఇంజిన్ మీద నంబర్ కొట్టే జాగను మిషన్‌తోని చదును చేస్తరు. వెంట్రుకలంత సన్నని గీతలు పడ్తయ్. ఎవడన్న పాత నంబర్ గీకి కొత్తది కొడితే గా గీతలు పోతయ్. కంటికి ఆనవు. పెన్సిల్ రుద్దితె తెలుస్తది.

కాగితం పెట్టిన. రుద్దిన. సర్... సర్... నంబర్ బండి పుస్తకంల ఉన్నదే. గని గీతల్లేవ్. ఒక్కటి సుత లేదు. నున్నగ. అంటె వేరే ఇంజిన్ మీద ఈ నంబర్ కొట్టిండ్రు, మరిది మాటే నిజం.

కాగితం జేబుల పెట్టుకొని కూసున్న. ఇగ ఈమెకు ఎట్ల చెప్పాలె? మస్తు బాధైంది.

గప్పుడు... టిక్.

జర ఆగి... టిక్... టిక్.

బండి నడిపి ఆపినంక ఇంజిన్ చల్లారుకుంట చేస్తది చూడు, గా చప్పుడు. బ్యాటరీ లేదు. ట్యాంకుల చుక్క పెట్రోల్ లేదు. చెయ్యి పెట్టిన... వెచ్చగుంది. ఇప్పుడే ఎవరో నడుపుకొచ్చి దిగిపోయినట్టు.

ఉరుకుదామనుకున్న గని, ఏం బుద్ధి పుట్టిందో... ఇంకో కాగితం పెట్టిన. రుద్దిన. సర్... సర్...

గీతలు. సన్నగ, పక్కపక్కన, ఈ అంచు నుంచి ఆ అంచు దాంక. అదే జాగ. అదే పెన్సిల్.

వానల తడిసి నా చెయ్యే చల్లబడి ఇంజిన్ వెచ్చగ అనిపించిందా? మొదటిసారి సరిగ్గ రుద్దలేదా? ఎన్నో అనుకున్న. ఏదీ కుదరలే.

దాచబుద్ధి గాలే. రెండు కాగితాలు మార్తమ్మ ముంగట పెట్టి, అయింది అయినట్టు చెప్పిన. ఆమె భయపడలే. కొవ్వొత్తి దగ్గర పట్టుకొని మస్తు సేపు చూసింది.

"కొనేటోళ్ళకు మొదటిది ఇయ్యి బిడ్డా. వాళ్ళకు అన్యాయం జెయ్యొద్దు" అన్నది. రెండోది మడిచి బైబిల్‌ల పెట్టుకుంది. "గిది మా ఆయన నాకిచ్చిండు."

మూడోసారి రుద్ది చూడకపోయినవా అని దోస్తులు అడుగుతరు. రుద్దితె ఏది నిజమో గా రాత్రే తేలిపోయేది, నిజమే. గని కాగితం మడిచేటప్పుడు ఆమె మొకం చూసిన... నాకు చేతులు రాలే.