తొండ ముందు అద్దం

నా చిన్నప్పుడు, అచ్చంపేట దగ్గర మా ఊళ్లో, తొండ కనిపిస్తే పిల్లలం చేత్తో బొడ్డు మూసుకునేవాళ్లం. అది దూరం నుంచే చూపుతో నెత్తురు పీలుస్తుందని, అందుకే దాని గొంతు ఎర్రబడుతుందని పెద్దల మాట.

ఒక ఎండాకాలం మా తమ్ముడు తెల్లగా పాలిపోయాడు. నాలుగడుగులు నడిస్తే ఆయాసం. పెరటి కంచె మీద రోజూ ఒక తొండ తల ఊపుతుండేది.

"నా కండ్లతోని చూసిన. పోరడు బయట కూసుంటె సాలు, దాని గొంతు ఎర్రగైతాంది" అంది బాపును కన్న మా అవ్వ.

దాన్ని చంపితే వాడికి నయమవుతుందని బాపు కట్టె పట్టుకుని దాని వెంటపడ్డాడు. నేను రాళ్లు ఏరి ఇచ్చాను. దవాఖాన మాట ఎవరికీ తట్టలేదు.

అంతలో చూసిపోదామని మా మేనత్త వచ్చింది. తమ్ముడి కంటిరెప్ప కిందికి లాగి చూసి, వాణ్ణి ఇంట్లో పడుకోబెట్టి తలుపు వేసింది. మమ్మల్ని దూరంగా నిలబెట్టి, గోడ అద్దం తెచ్చి కంచెకు ఆనించింది. అద్దంలో ఇంకో తొండను చూసి మా తొండ ముందుకాళ్ల మీద లేచింది. కాసేపటికి గొంతు నిప్పులా ఎర్రబడింది.

"ఇప్పుడు ఎవని నెత్తురు తాగిందే అవ్వా? అద్దందా?" అని తల్లిని అడిగి, బాపు వైపు తిరిగింది. "అన్నా, గా కట్టె పారేసి బండి కట్టు."

నెత్తురు తాగుతున్నవి కడుపులోని పురుగులని దవాఖానలో తేలింది. తమ్ముడు బతికాడు.

నాకే ఏమీ తేలలేదు. ఆ ఎరుపు ఇంకో తొండ కోసమైతే, దానికీ అది నాకు కనిపించినట్టే కనిపిస్తుందా? అత్తను అడిగితే, "నాకేం ఎర్క బిడ్డా! దాని కండ్లు నాకు లేవు గద" అని నవ్వింది. ఇంట్లో అందరి నోరూ మూయించిన మనిషి తనకు తెలియదనడంతో నా తికమక ఇంకా పెరిగింది.

మూఢనమ్మకాల మీద సభల్లో కేకలేస్తూనే ముసలివాణ్ణయ్యాను. జిల్లాలు విడిపోయాక పుట్టిన మా మనవరాలు ఈమధ్య ఒక సంగతి చెప్పింది. రంగును పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలే. చాలా బల్లులకు, తొండలకు నాలుగట. మనకు కనబడని అతినీలలోహిత కాంతి కూడా వాటికి ఒక రంగేనట. "తాతా, నువ్వు సూసింది సగం తొండనే" అంది.

ఆ మిగతా సగం ఏ రంగో ఎంత ఆలోచించినా ఊహకు అందదు. అవ్వ కళ్లు అబద్ధం చెప్పలేదు, ఎరుపు నిజమే. నా కళ్లూ అబద్ధం చెప్పలేదు. అయినా ఇద్దరమూ పూర్తిగా చూడలేదు. ఇప్పటికీ ఎవరైనా "నా కండ్లతోని చూసిన" అంటే, ఆ అన్నది నేనే అయినా సరే, లేచి అద్దం కోసం వెతుకుతాను.