ఒక డబ్బా, నాలుగు గదులు

ఆ రోజుల్లో మా వైపు ఇళ్ళలో చదువుకున్న కోడలంటే, ఇంట్లో ఏది చెడిపోయినా పిలవదగిన మనిషి అని అర్థం. రాజంపేటలో పుట్టి, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఫస్టు క్లాసులో పాసై, డోన్‌లో నూనె అంగడి వాళ్ళింటికి కోడలుగా వచ్చిన నాకు ఆ సంగతి మొదటి నెలలోనే తెలిసొచ్చింది. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, దేవుని గదిలో వెలిగీ వెలగని బల్బుల దండ, వరసగా నా ముందుకొచ్చి కూర్చున్నాయి. (బల్బులు వెలిగాయి. మిక్సీ తిరగలేదు. మా అత్తకు మిక్సీ ఒక్కటే గుర్తుంది.) నా మనసు మాత్రం కర్నూలు రోడ్డులో కొత్తగా పెట్టిన పాలిటెక్నిక్ మీద ఉండేది. పాఠాలు చెప్పేవాళ్ళు కావాలంటే దరఖాస్తు పెట్టాను, వచ్చే సోమవారం ఇంటర్వ్యూకు రమ్మన్నారు. మా ఆయన్ను అడిగితే, నాకేం అభ్యంతరం లేదు, నాయన్నడుగు అని తప్పుకున్నాడు. (ఇప్పటికీ అంతే. నాయన స్థానంలో పిల్లలొచ్చారు.)

మామను అడిగాను. ఆయన అంగడిలో నూనె వాసన చూసినట్టు నా మాటను కాసేపు వాసన చూసి, కేబులాయనతో తన గొడవ చెప్పడం మొదలుపెట్టాడు. మూడు రోజులుగా కేబుల్ రాక, మామ వాడితో పోట్లాడి, ఆ వైరు పీకించి, మిద్దె మీద డిష్ గొడుగు పెట్టించాడు. గొడుగుతో పాటు టీవీకి తగిలించే డబ్బా ఒకటి ఇచ్చారు. ఇంట్లో టీవీలు నాలుగు: హాల్లో మామది, వంటింటి పక్క గదిలో అత్తది, మిద్దె మీద డిగ్రీ చదివే మరిదిది, వెనక గదిలో అవ్వకిచ్చిన పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ. అవ్వంటే మామ తల్లి, తుంటి ఎముక విరిగి రెండేళ్ళుగా మంచం మీదే ఉంది. నాలుగు గదుల్లో నాలుగు డబ్బాలు పెట్టుకోవాలని డిష్ వాళ్ళంటారేమిటని మామకు కోపం. ఒక పొయ్యి మీద వండింది ఇంతమందిమి తింటున్నాం కదా, ఒక డబ్బా చాలదా అని ఆయన వాదన.

"ఏమ్మా, కేబుల్ మాదిరే నాలుగు రూముల్లోనూ వస్తాది కదా? నువ్వు చెయ్యి చూద్దాం. అది చేస్తే కాలేజీ సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు.

"వస్తాది మామా" అన్నాను.

ఆ మాట అన్న పిల్లను ఇప్పుడు పట్టుకుని రెండు దులపాలనిపిస్తుంది. కేబుల్ వైర్లో ఛానెళ్ళన్నీ కలిసి వస్తాయి, ఏ గదిలో టీవీ ఆ గదిలో తనకు కావాల్సింది పట్టుకుంటుంది. వైరును నాలుగు పాయలు చేసి నలుగురికీ పంచితే ఎవరి గోల వారిది. డిష్ డబ్బా కథ వేరు. అది పైనుంచి ఎన్ని ఛానెళ్ళు తెచ్చుకున్నా, మనం రిమోట్‌తో అడిగిన ఒక్కదాన్నే బయటికి వదులుతుంది. దాని వెనక నుంచి ఎన్ని పాయలు తీసినా అన్నింట్లోనూ అదే. ఇది తెలియడానికి డిప్లొమా దాకా అక్కర్లేదు, కాస్త ఆలోచిస్తే చాలు. నేను ఆలోచించలేదు. నా కళ్ళ ముందు కాలేజీ నల్లబోర్డు తప్ప ఇంకేదీ లేదు.

పని మొదలుపెట్టాను. మా ఇంటి గోడలు ఒట్టి రాయి. డ్రిల్లు మొన రెండు చోట్ల అరిగిపోయింది, మూడో చోట విరిగింది. సరే కిటికీల్లోంచి లాగుదామంటే, దేవుని గది మీదుగా వైరు పోకూడదని అత్త అడ్డం నిలబడింది. దేవుని గదిని తప్పించి, స్నానాల గది చుట్టూ తిప్పి, బట్టల దండెం పక్కన కట్టి, వెనక గదికి చేర్చేసరికి రెండు రోజులు పట్టింది. అంత దూరం నడిచొచ్చిన బొమ్మ అవ్వ టీవీలో నీడలు నీడలుగా కనిపించేది. అవ్వ వాటినే చూస్తూ పడుకునేది.

మూడో రోజు సాయంత్రం అందరినీ వారి వారి గదుల్లో కూర్చోబెట్టి మీట నొక్కాను. నాలుగు గదుల్లోనూ బొమ్మ వచ్చింది. నా జన్మ ధన్యమైంది. ఆ ధన్యత రెండు నిమిషాలుంది. మామ హాల్లో రిమోట్ తీసుకుని వేరుశనగ ధరలు పెట్టాడు. వంటింటి పక్క గదిలోంచి అత్త గరిటెతో బయటికొచ్చి, తన సీరియల్ యాడికి పోయిందని నన్నడిగింది. మిద్దె మీద నుంచి మరిది మెట్లు దిగుతూ, "వదినా, ఆఖరి ఓవర్‌లో శనగలొచ్చినాయి" అన్నాడు. నేను గోడకానుకుని నిలబడ్డాను. జరిగిందేమిటో ఆ క్షణంలో నాకు పూర్తిగా అర్థమైంది.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. క్యాలెండరు వెనక ఎవరికి ఏ గంటో రాసి హాల్లో అతికించాను. దాన్ని ఎవరూ చదవలేదు, మామ దాని మీద ఫోను నంబరు రాసుకున్నాడు. మరిదికి క్రికెట్ కావాలంటే పైనుంచి కంచం మీద చెంచాతో కొట్టేవాడు, నేను వంటింట్లో పిండి చేతులతో పరిగెత్తి ఛానెలు మార్చాలి. మార్చిన అర నిమిషానికి అత్త పిలిచేది. ఇంతలో మామకు ఈ ఏర్పాటులోని సుఖం తెలిసిపోయింది. మరిది చదవడం లేదని అనుమానమొస్తే కుర్చీలోంచి కదలకుండా భజనల ఛానెలు పెట్టేవాడు, మిద్దె మీద తాళాలు మోగేవి. దానికి విరుగుడుగా అత్త రిమోట్‌ను పోపుల డబ్బాలో దాచింది. అది దొరికేదాకా ఇల్లంతా ఒక పూట పశువుల దాణా గురించిన చర్చ చూసింది. రిమోట్‌లోంచి చాలా రోజులు ఆవాలు రాలాయి. ఫస్టు క్లాసు డిప్లొమా తెచ్చుకున్న నేను ఆ ఇంట్లో కాళ్ళున్న రిమోట్‌నైపోయాను.

ఆదివారం పొద్దున మామ కాఫీ తాగి, గట్టిగా కూడా అనకుండా, "నీ చదువు సంగతి తెలిసిపోయె లేమ్మా. ఆ వైర్లన్నీ పీకేయి, హాల్లో ఒకటుంటే చాలు" అన్నాడు. కాలేజీ మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, అందరికీ అర్థమైంది. ఏడుపును దిగమింగుకుని, స్టూలు తీసుకుని ముందు వెనక గదికి పోయాను. హాల్లో ఏడవడం నాకిష్టం లేదు.

స్టూలెక్కి వైరు మీద చెయ్యి వేశానో లేదో, "పీకొద్దమ్మీ" అంది అవ్వ.

బొమ్మే సరిగా రాదు కదవ్వా, దీంతో నీకేం పని అన్నాను. గొంతులో విసుగు దాచుకోలేకపోయాను. అవ్వ లేవబోయి, లేవలేక, దిండు మీదకు ఒరిగింది.

"బొమ్మతో నాకేం పనే. రెండేండ్లాయె ఈడ పండుకోని. ఎవురొచ్చిందీ ఎవురు పోయిందీ నాకు తెలిసేది కాదు. ఇప్పుడు శనగల రేట్లొస్తే నా కొడుకు అంగడి నుంచి వచ్చినాడని తెలుస్తాండాది. సీరియల్ వస్తే ఆయమ్మకు వంటయిపోయింది. బ్యాటు పట్టుకున్నోళ్ళొస్తే సిన్నోడు సదవడం లేదు. మీరు నగితే నేనూ అదే చూసి నగుతాండా. ఇంట్లో ఉన్నట్టుండాది నాకు."

నేను స్టూలు మీదే ఉండిపోయాను. తిరిగి చూస్తే గడప దగ్గర మామ. పని ఎందాకా వచ్చిందో చూడ్డానికి వచ్చినట్టున్నాడు. తల్లి వైపు చూశాడు, నీడలు కదులుతున్న ఆ పాత టీవీ వైపు చూశాడు. రోజూ అంగడికి పోతూ గడప దగ్గరే నిలబడి పోయొస్తానమ్మా అనే మనిషి, ఆ పొద్దు లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. తల్లి కాళ్ళ మీద దుప్పటి సర్దాడు.

"రేపు ఎన్ని గంటలకు పోవాల కాలేజీకి?" అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా.

"పదికి మామా."

"నేను ఆటో మాట్లాడతా. దిగు, ఆ స్టూలు ఊగుతాండాది."

ఆ ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత అవ్వ బతికున్న మూడేళ్ళూ మామ రెండో డబ్బా కొననివ్వలేదు. కంచం మోగుతూనే ఉండేది, నేను తిట్టుకుంటూ పరిగెడుతూనే ఉండేదాన్ని. ఇప్పుడు కర్నూలులో మా ఇంట్లో నలుగురికి నాలుగు ఫోన్లు. ఎవరి గదిలో ఎవరు దేనికి నవ్వుతున్నారో మిగతావాళ్ళకు తెలియదు, ఎవరూ నన్ను ఛానెలు మార్చమని పిలవరు. ఏటా క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు డబ్బా బొమ్మ గీసి, నాలుగు గీతలు లాగి, ఇలా పంచితే అన్ని గదుల్లోనూ ఒకటే ఛానెలు వస్తుంది, ఇది లోపం అని చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. అవ్వ గదికి పోయే నాలుగో గీత గీసేటప్పుడు మాత్రం, ఆలోచించకుండా "వస్తాది మామా" అన్న ఆ తలతిక్క పిల్ల గుర్తొస్తుంది. అప్పుడు దాన్ని దులపాలనిపించదు. బోర్డు వైపు తిరిగి కాస్త నవ్వుకుని, సుద్దముక్క కింద పెడతాను.