కొమురవ్వ పెట్టిన తోడు

మొన్న మునగాల దాటుతుండగా బస్సు ఒక పొలం పక్కన ఆగింది. ముందురోజు వానకు తడిసిన వరిగడ్డి కుప్ప ఎండకు ఆవిర్లు కక్కుతోంది. ఆ పుల్లటి వెచ్చటి వాసన కిటికీలోంచి రాగానే నాకు ఇద్దరు గుర్తొచ్చారు. ఒకరు సూర్యాపేట కొమురవ్వ. రెండోవాడు ఇరవై రెండేళ్ళ మూర్ఖుడు. మూర్ఖుడి గురించి ముందు చెప్పేస్తాను, వాడు నేనే గనక ఎవరూ నొచ్చుకోరు. వ్యవసాయం చదివానని చెప్పుకు తిరుగుతూ, మొలవాల్సినదాన్ని మొలవకుండా చేసే పనిని ఎంతో శుచిగా, తలస్నానం చేసి మరీ చేసినవాణ్ణి.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు. తిండిగింజలకు కటకటగా ఉంది. వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచితే ఇంటింటికీ ఒక పూట కూర దొరుకుతుందని మా వ్యవసాయ శాఖవారికి ఎవరో చెప్పారు. నేను కోదాడ నుంచి వచ్చి సూర్యాపేటలో కొత్తగా చేరిన తాత్కాలిక ఉద్యోగిని, పైగా పెళ్ళికానివాణ్ణి. ప్రయోగానికి నాకంటే సాధుజంతువు దొరకలేదు. మిర్యాలగూడలో ఉండే మా పైఅధికారి, మేమంతా సాహెబు అనేవాళ్ళం, విత్తనం నింపిన నాలుగు గాజుసీసాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంట్లనే పెంచు. ఇరవై రోజులకు వచ్చి చూస్త. మొలిస్తే నీ నౌకరీ పక్కా. లేకుంటే కోదాడ బస్సు పక్కా," అన్నాడు. కోదాడలో మా మేనమామ కిరాణా దుకాణం నాకోసం నోరు తెరుచుకుని ఉంది. ఆ తక్కెడ ముందు జీవితాంతం కూర్చోవడం తలచుకుంటేనే నా కాళ్ళు తిమ్మిరెక్కేవి.

నేను కిరాయికున్నది కొమురవ్వ ఇంట్లో. గొర్రెల మందను కొడుకులకు వదిలేసి, రెండు బర్రెల్ని పెట్టుకుని, వీధివీధికీ పెరుగు పోసే మనిషి. చదువు లేదు గాని నోరు మాత్రం రెండు ఊళ్ళకు సరిపోయేది. గొర్రెలు లేక ఖాళీగా ఉన్న పాత కొట్టంలో నాకొక మూల ఇచ్చింది. "దీన్ని గడ్డిపరుపు అంటారవ్వా," అని నా ఏర్పాటంతా గర్వంగా చూపించాను.

"గడ్డికి పరుపేసి నువ్వు సాప మీద పంటున్నవ్. మంచి సదువే," అంది.

మా ఇంట్లో ఏ విత్తు వేసినా ముందు పసుపునీళ్ళు చల్లడం ఆచారం. అమ్మ చల్లేది, నాయనమ్మ చల్లేది. ఉద్యోగమే దీనిమీద నిలిచి ఉంది గనక నేను చల్లడంతో ఆగలేదు. గడ్డి నానబెట్టిన గోలెంలోనే దోసెడు పసుపు కలిపాను. ఒక పగలూ రాత్రీ నానిన గడ్డిని కట్టలు కట్టి, అడ్డంగా నిలువుగా పేర్చి, మధ్యమధ్య రెండు సీసాల విత్తనం, కందిపప్పు పొడి చల్లి, పైన గోనెసంచి కప్పాను. నాలుగైదు రోజుల్లో గడ్డంతా తెల్లటి సన్నదారాలు అల్లుకోవాలి. ఆ అల్లిక కుదిరితేనే తర్వాత గొడుగులు.

నాలుగో రోజుకు విత్తనం పెట్టినచోట గోరంత తెల్లదనం కనిపించింది. ఆరో రోజుకూ గోరంతే. కొండంత చేద్దామని గంటకోసారి సంచి ఎత్తి చూసేవాణ్ణి. ఎనిమిదో రోజుకు చూసుకుంటే గడ్డి మీద దారాలకన్నా నా మొహాన గడ్డమే ఎక్కువ పెరిగింది. లోపం విత్తనానిదేనని తేల్చేశాను. సీసాలు దారిలో ఎండదెబ్బ తిన్నాయని సాహెబుకు ఉత్తరం మొదలుపెట్టాను.

"ఏంది సారూ, మొకం గట్ల పెట్టినవ్?" అంటూ వచ్చింది కొమురవ్వ.

"విత్తనం పనికిరాలేదవ్వా. సాహెబుకు రాస్తున్నాను."

"పాలు తోడుకోకపోతే బర్రెను తిడతవా? జరుగు, సూడనీ."

తోడుకోని పెరుగుకుండను ఎట్లా చూస్తుందో అట్లాగే చూసింది. ముందు గడ్డిలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. "సల్లగున్నది. గడిగడికి మూత తీస్తే ఉడుకు ఏడుంటది? తోడేసిన కుండను ఎవరన్న కదిలిస్తరా?" తర్వాత గుప్పెడు గడ్డి తీసి పిండింది. రెండుమూడు చుక్కలు రాలాయి. "తడి బరాబరున్నది." ఆ గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. వాకిట్లోకి వెళ్ళి, వెలుతురులో వేళ్ళు చాచి చూసుకుంది. పచ్చగా ఉన్నాయి.

"పసుపేసినవా?"

"మంచిదని... కొంచెం."

"గీ తెల్లదారం ఏంది మరి? తెల్వకనే అడుగుతున్న."

"అదీ ఒక రకం బూజులాంటిదే అవ్వా."

"మామిడికాయ తొక్కుల పసుపు ఎందుకేస్తరు?"

నేను సాహెబు ఉత్తరం మడతపెట్టసాగాను. నోరు తెరిస్తే జవాబు బయటపడుతుంది.

"బూజు పట్టొద్దని! బూజును సుట్టమోలె పిలిసి, గడపల కర్ర పట్టుకొని నిలబడ్డవ్ గదర!" అని ఆమె గడ్డి మీదే కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

మరునాడు పెరుగుతోపాటు ఈ కథనూ ఇంటింటికీ పోసింది, అడక్కుండానే కొసరు వేసి. నేను 'పసుపు సారు'నయ్యాను. అంగట్లో ఒకావిడ నన్నాపి, "సారూ, మా ఇంట్ల బూజు మస్తున్నది, జరొచ్చి పోతవా?" అని అడిగింది.

పన్నెండు రోజులు మిగిలాయి, రెండు సీసాలు మిగిలాయి. ఈసారి పని కొమురవ్వ చేతుల్లోకి వెళ్ళింది. గోలెం నాతో మూడుసార్లు తోమించింది. కొత్తగడ్డి, వట్టి నీళ్ళు. పేర్చడం అయ్యాక లోపలినుంచి నల్లటి గొంగడి తెచ్చి కప్పింది.

"నా పెనిమిటిది. వానల, సలిల మందకాడ ఆయన్ని కాసింది. నీ బూజును కాయదా? నేను సెప్పేదాక ముట్టినవంటే సెయ్యి ఇరుగుతది."

కచేరీ నుంచి వచ్చి ఆ గొంగడి ముందు కూర్చునేవాణ్ణి. "లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే ఎలా అవ్వా?"

"తెల్వకనే ఉండాలె. నువ్వు సూస్తున్నవని సిగ్గుపడి పెరుగుతదా?"

నాలుగో రోజు నా చెయ్యి పట్టుకుని గొంగడి మీద ఆనించింది. లోపల పొయ్యి ఉన్నట్టు వెచ్చగా ఉంది. అప్పుడు ఒక్క మూల ఎత్తింది. ఈ పోచ నుంచి ఆ పోచకు, అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఒంటిమీది నూగులా, గడ్డంతా తెల్లదారాలు. నా కళ్ళు చెమర్చాయి. ఆవిరి కొట్టిందన్నాను. "మస్తు కొట్టింది," అని మూల దించేసింది.

సాహెబు చెప్పిన రోజుకే వచ్చాడు. అప్పటికి గొడుగులు విచ్చుకోలేదు. గోలీకాయలంత మొగ్గలు మాత్రం తేలాయి. "ఇరవై రోజులకు గింతేనా?" అన్నాడు. పక్కన పచ్చగా చచ్చిపడి ఉన్న మొదటి పరుపు చూశాడు. దయగల మనిషి గనక, ఆయనే దారి చూపించాడు. "విత్తనం ఖరాబయి ఉంటది. హాలియాల ఇచ్చిన సీసాలు కూడ మొలవలేదు. గట్లనే రాసియ్యి, నీ మీదికి రాదు."

ఎంత చక్కటి దారి! నడవడమే తరువాయి. కొమురవ్వ బర్రెలకు మేత వేస్తోంది, మావైపు తిరగను కూడా లేదు. నా కళ్ళముందు మేనమామ తక్కెడ ఊగింది.

"విత్తనం మంచిదే సార్. ఇక్కడ మొలిచిందీ అదే. మొదటిదాంట్లో నేను పసుపు కలిపాను."

"పసుపా? ఎందుకు?"

"మా ఇళ్ళల్లో ఏ విత్తుకైనా చల్లుతారు సార్."

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఏ విత్తుకైనా సల్లుతరు... అయితే హాలియాల కూడ సల్లిండ్రేమో! ఈ సంగతి మాకెవడూ రాయలే. నువ్వు రాయి. మొత్తం రాయి." అట్లా, తప్పు ఒప్పుకున్నందుకు కాదు గాని, చేసిన తప్పు అందరి ఇళ్ళల్లోనూ జరిగేదే అయినందుకు నా నౌకరీ నిలిచింది.

తర్వాత ముప్పై ఏళ్ళపైన పనిచేశాను. మొలవలేదని రైతు వచ్చినప్పుడల్లా వెచ్చదనం, తడి, వాసన అని కొమురవ్వ వరసలోనే అడిగాను. నా పని చెడినప్పుడు మాత్రం ముందు వాకిట్లోకి వెళ్ళి నా వేళ్ళే చూసుకుంటాను. ఎదగాల్సినదాన్ని కప్పి ఉంచి, చూడకుండా ఓర్చుకోవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పిల్లల విషయంలో అది గడ్డికన్నా కష్టమైంది.

ఇక మిగిలింది పసుపు సారు పగ. సాహెబు రాయమన్న నివేదికలో, లోపం కనిపెట్టి సరిచేసినవారు అనే చోట కొమురవ్వ పేరు రాశాను, ఇంటి గుర్తులతో సహా. నెల తిరగకముందే నడిగూడెం నుంచి ఒకరు, హాలియా నుంచి ఇద్దరు ఆమె వాకిట్లో గడ్డి పట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత మిర్యాలగూడ రైతుల సభకు ఆమెకు పిలుపొచ్చింది, ఏకంగా జీపులో. నేనూ వెంట వెళ్ళాను. వేదిక మీద ఆమెకు చేతుల కుర్చీ వేశారు. సూర్యాపేటనంతా నోటితో ఏలిన మనిషి, అన్ని తలపాగలను ఒక్కసారిగా చూసేసరికి కొంగు చివర నమలడం మొదలుపెట్టింది.

"నాకేం తెల్వదు," అంది చివరికి. "గా పిలగాడు సెప్తడు, ఆయన్నడుగుండ్రి."

సభంతా నావైపు తిరిగింది. నేను గొంతు పట్టుకుని, మాట పోయిందని సైగ చేసి, ముందువరసలో తీరిగ్గా చేతులు కట్టుకుని కూర్చున్నాను.